పదవీ విరమణకు ట్రయల్ రన్

ఆ ఉదయం కుట్టు టీచరుగారి ముందుగదిలో మెషిన్లన్నీ ఒక్కసారే నడుస్తున్నాయి. కిటికీ దగ్గర కూర్చున్నావిడ చొక్కా కాలరు తిరగేయడం రాక తిప్పలు పడుతోంది. బల్ల దగ్గర ఇద్దరు గౌను గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నారు. వాళ్ల మధ్య దూరి, టీచరు మెడలోని టేపు అడిగి తీసుకుని, ఆమె భర్త గోడను కొలుస్తున్నారు. "కాస్త జరగమ్మా... ఆ కుర్చీ ఇటు లాగు..." అంటూ ఒక్కొక్కరినీ లేపుతున్నారు.

కొత్తగా చేరిన అమ్మాయి ఊరుకోలేక, "ఏంటి సార్, గోడకి కూడా చొక్కా కుట్టిస్తారా?" అంది.

గదంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. ఆ కొలత దేనికో ఆమెకు తెలుసు.

ఆయన నగర బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఏ డ్రైవరు ఏ రూటుకు వెళ్లాలి అన్నది తేల్చి, విజిల్ ఊది పంపించే పని. అందుకని డిపోలో ఆయన విజిల్ సార్. ఇంకో ఏడాదికి రిటైరవుతారు. పెన్షన్ కాగితాలు, నామినేషన్లు, సంతకాలు, ఫొటోలు అన్నీ ఇప్పటికే సిద్ధం చేసుకున్నారు. తోటివాళ్లకు ఏ అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తుకొస్తారు. "రిటైర్మెంటుకు తయారవడమంటే విజిల్ సార్‌ని చూసి నేర్చుకోవాలి" అని డిపో అంతా చెప్పుకుంటుంది. ఆ మాట మనమూ కాదనం. కాగితాల వరకూ ఆయనకు ఆయనే సాటి.

కాగితాల తర్వాత ఏమిటి? దానికీ ఆయన దగ్గర జవాబుంది. ముందుగదిలో కాళ్లు చాపుకునే పెద్ద కుర్చీ ఒకటి, ఎదురుగోడకు టీవీ, పక్కన మంచినీళ్ల చెంబు. ఇన్నేళ్లు పొగలో, హారన్ల మోతలో నిలబడ్డ మనిషికి ఆ మాత్రం సుఖం దక్కకూడదా? దక్కాల్సిందే. చిక్కల్లా ఒక్కటే. ఆ గదిలో ఆయన భార్య కుట్టు నేర్పుతోంది.

కూతురు బడికి వెళ్తున్న రోజుల్లో, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక్క మెషిన్‌తో మొదలుపెట్టిన క్లాసు అది. అక్కడ నేర్చుకున్నవాళ్లలో కొందరు సొంతంగా కొట్లు పెట్టుకున్నారు. మొగుడి ముందు చెయ్యి చాపే అవసరం తప్పిందని ఒకావిడ ఏడ్చి మరీ చెప్పి వెళ్లింది. ఆ వీధిలో ఎవరూ ఆమెను కంట్రోలరుగారి భార్య అనరు. ఆయన్నే టీచరుగారి ఆయన అంటారు. ఈ సంగతి ఒక్క ఆయనకే తెలియదు.

"వచ్చే బ్యాచి నుంచి ఎవర్నీ చేర్చుకోకు. నేను ఇంట్లో ఉంటానుగా, ఇంకా ఈ గోలెందుకు? హాయిగా ఇద్దరం కూర్చుందాం" అని ఆయన అప్పటికే చెప్పేశారు. చెడ్డమనిషి అయ్యుంటే ఆమె ఎదురుతిరిగి ఒక్కమాటలో తేల్చేసేది. ఆయన చెడ్డవాడు కాదు. ప్రేమగానే అన్నారు. అసలు కష్టం అక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం టీ గ్లాసు చేతికిచ్చి ఆమె అడిగింది.

"ఏమండీ, కొత్త రూటు వేసేముందు మీవాళ్లు ఖాళీ బస్సు తిప్పుతారు కదా, ఎందుకు?"

తనకు తెలిసిన విషయం అడిగితే ఏ మగవాడు ఊరుకుంటాడు? ఆయన గ్లాసు కింద పెట్టి మరీ మొదలుపెట్టారు.

"ఎందుకేమిటోయ్! మ్యాపులో దారి బాగానే ఉంటుంది. బస్సు వెళ్తేగానీ తెలియదు, ఏ మలుపులో తిరగదో, ఏ కొమ్మ అద్దానికి కొడుతుందో. అందుకే జనాన్ని ఎక్కించకుండా ముందు నడిపి చూస్తాం. ట్రయల్ రన్ అంటారు దాన్ని. అది అవకుండా బోర్డు పెట్టేస్తే నడిరోడ్డు మీద జనం మనల్ని తంతారు."

"మరి మన రూటుకి బోర్డు పెట్టేశారుగా!"

ఆయనకు అర్థం కాలేదు.

"మీ లీవు బోలెడంత మిగిలిపోయింది, వాడకపోతే మురిగిపోతుందన్నారు కదా. ఒక నెల పెట్టండి. రిటైరైపోయినట్టే ఇంట్లో ఉండండి. ఆ నెల బాగా గడిచిందని మీకే అనిపిస్తే, నేను మారుమాట్లాడకుండా క్లాసు మూసేస్తాను. మీ మాటే మాట, నేను పంచాయితీ పెట్టను."

నల్లేరు మీద నడక అనుకున్నారాయన. మర్నాడే లీవు రాసిచ్చేశారు.

మొదటి వారం నిజంగానే బాగుంది. తెల్లవారకముందే మెలకువ వచ్చినా, ఎక్కడికీ వెళ్లక్కర్లేదన్న సంతోషంతో మళ్లీ దుప్పటి ముసుగు పెట్టుకునేవారు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. రెండో వారానికి పేపరు పొద్దున్నే అయిపోవడం మొదలైంది. మిగిలిన రోజంతా ఎదురుగా కూర్చుని ఉండేది. ఖాళీ చేతులు ఊరుకోవు కదా. ఆయన చూపు వంటింటి మీద పడింది.

మర్నాడు కూర పొయ్యి మీద పెట్టి టీచరు చెయ్యి చాపితే ఉప్పుడబ్బా ఉండాల్సిన చోట కాఫీపొడి ఉంది. పోపుల డబ్బా జాగాలో సబ్బులున్నాయి.

"ఏమండీ! ఉప్పు ఏ ప్లాట్‌ఫారం మీదుంది?"

"ఎక్కువ కదిలేవి ముందు వరసలో, తక్కువ కదిలేవి వెనక వరసలో పెట్టాను. ఎంత టైం కలిసొస్తుందో చూడు" అన్నారాయన ముందుగదిలోంచి గర్వంగా. కూర మాడింది. ఆమె ఆ పూటకి పచ్చడితో సరిపెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. క్లాసుకు వచ్చే ఆడవాళ్లు తలో వేళకు రావడం ఆయన గమనించారు. ఒకావిడ ముందొస్తుంది, ఒకావిడ సగం అయ్యాక వస్తుంది. ఇదేం పద్ధతి! భార్యకు సాయం చేసినట్టూ ఉంటుంది, తనకు పనీ ఉంటుంది అనుకుని, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందొచ్చినవాళ్లను బయటే నిలబెట్టారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు, "వెళ్లిపోయిన బస్సుకి చెయ్యెత్తితే ఏం లాభమమ్మా, రేపు రా" అని గేటు వేసేశారు. ఆ వెనక్కి పంపినవాళ్లలో ఒకావిడ రోజూ మంచంలో ఉన్న అత్తగారికి స్నానం చేయించి, అన్నం తినిపించి, అప్పుడు పరుగున వస్తుంది. ఆ మాట చెప్పబోయింది కూడా. ఆయన వినిపించుకోలేదు. డిపోలో ప్రతి డ్రైవరూ ఏదో ఒక కారణం చెప్తాడు, వింటూ కూర్చుంటే బస్సులు కదలవు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నది డిపోలో చెల్లింది. గడప దగ్గర ఎలా చెల్లుతుంది?

లోపల మెషిన్ల మోతలో టీచరుకు ఈ గేటు వ్యవహారం తెలియలేదు. ఆమెకు తెలిసేసరికి అత్తగారావిడతో పాటు మరో ముగ్గురు రావడం మానేశారు. అప్పుడు మాత్రం ఆమె, "మీకు దండం పెడతాను, కాసేపు అలా బయట తిరిగి రండి" అంది.

ఆయన బయటికి నడిచారు. కాళ్లు వీధి చివర బస్టాపు దగ్గర ఆగాయి. రావాల్సిన బస్సు ఆలస్యంగా వచ్చింది. ఇంకేముంది! డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లి, చేతిగడియారం చూపిస్తూ, "ఏమయ్యా, ఇదేనా టైం? రిపోర్టు రాయమంటావా?" అని కేకలేశారు. ఆ డ్రైవరు ఆయన దగ్గర పనిచేసినవాడే. నొప్పించడం ఇష్టం లేక గొంతు బాగా తగ్గించి, "సార్, మీరు లీవులో ఉన్నారు కదా సార్" అన్నాడు. ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు వెళ్లిపోయింది.

అంతమంది ముందు వాడు తిరిగి తిట్టినా ఆయనకు అంత బాధ కలిగేది కాదు. ఆ కుర్రాడి గొంతులోని జాలి ఆయన్ని కుదిపేసింది. ఎక్కడికి వెళ్లాలో తోచక, ఎటు నడుస్తున్నారో చూసుకోకుండా నడిచి, చివరికి డిపో క్యాంటీన్ ముందున్న బెంచీ మీద కూలబడ్డారు. పక్కన అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. హాజరు బాబాయి.

ఆ పెద్దాయన ఒకప్పుడు ఇదే డిపోలో స్టోర్‌కీపరు. రిటైరై ఏళ్లవుతోంది. అయినా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన్ని చూడగానే క్యాంటీన్‌లో టీ తాగుతున్నవాళ్లు చల్లగా జారుకుంటారు. మొదలుపెడితే పాత కబుర్లు ఒక పట్టాన వదలడు మరి. హాజరు బాబాయి అన్న పేరు పెట్టిందెవరో కాదు, మన విజిల్ సారే.

"ఏం అబ్బాయ్, నువ్వూ వచ్చేశావా?" అన్నాడు పెద్దాయన, జరిగి చోటిస్తూ.

"లీవులో ఉన్నాను బాబాయ్. ఊరికే ఇలా వచ్చాను."

"నేనూ మొదటిరోజు ఊరికే వచ్చాను."

పెద్దాయనే మళ్లీ అందుకున్నాడు.

"నీ కాగితాలన్నీ తయారైపోయాయటగా?"

"అయిపోయాయి బాబాయ్."

"నావీ అలాగే అయ్యాయి. ఒక్కరోజు ఆలస్యం లేకుండా పెన్షన్ వస్తోంది. తిండికీ మందులకీ లోటు లేదు. పొద్దున లేచాక ఎటెళ్లాలో మాత్రం తెలియలేదు. కాళ్లకి తెలిసిన దారి ఇదొక్కటే, ఇటే తీసుకొచ్చాయి."

"ఇంట్లో పిన్ని ఉంది కదా..."

"మీ పిన్నికి తన పనులు తనకున్నాయిరా. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ నేను లేకుండా బతకడం నేర్చుకుంది పాపం. ఇప్పుడు హాల్లో కూర్చుంటే, ఈ చుట్టం ఎప్పుడు కదులుతాడా అన్నట్టు చూస్తుంది. ఆవిడ తప్పు కాదులే. ఇంటికొచ్చేస్తున్నానని నేను ముందు ఒక్కసారైనా చెప్పి ఉంటే, నాకంటూ కాస్త చోటు చేసి పెట్టేదేమో." పెద్దాయన నవ్వాడు. "ఇక్కడ నాకేదో పేరు పెట్టారటగా? ఎవడో గానీ సరిగ్గానే పెట్టాడు."

విజిల్ సార్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎన్నిసార్లు ఆ పేరు చెప్పి పదిమందిని నవ్వించారు! పెద్దాయన చేతిని ఒకసారి గట్టిగా నొక్కి, లేచి ఇంటికి బయల్దేరారు.

ఇంటికొచ్చేసరికి క్లాసు అయిపోయింది. టీచరు ఒక్కొక్క మెషిన్‌కీ గుడ్డ కప్పుతోంది. ఆయన వైపు తిరగకుండానే అంది.

"ఇవాళ ఇంకో ఇద్దరు మానేశారు. మీరు మూయమనక్కర్లేదు లెండి. దానంతటదే మూతపడుతుంది."

కోపంతో అని ఉంటే ఆయనా ఏదో ఒకటి అనేవారు. ఆమె అలసటతో అంది. ఆయన ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని, తనే ఆ చివరి మెషిన్‌కు కప్పి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"నెల పూర్తి కానక్కర్లేదోయ్. నా మాటే మాట అన్నావుగా. చెప్తున్నాను విను. ట్రయల్ రన్ ఫెయిలైంది. క్లాసు మూయడానికి వీల్లేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన మళ్లీ అన్నారు.

"అది సరే, ఇంతకీ నేను రిటైరయ్యాక నీకేం కావాలి?"

"ఆ ముక్క అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా?"

"పట్టింది. చెప్పు."

"మీరే కావాలి. కానీ పొద్దస్తమానం వద్దు."

చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి పగలబడి నవ్వారు. ఆ తర్వాత అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. రోజులో ఏ భాగం ఎవరిది, ఏ భాగం ఇద్దరిది, ఆయన మోకాళ్ల నొప్పికి డాక్టరును ఇప్పుడే చూడటం మంచిదా కాదా, ఒకరు మంచాన పడితే రెండోవాళ్లు ఏంచేయాలి, అన్నీ. ఇన్నేళ్ల కాపురంలో ఈ విషయాలు వాళ్ల మధ్యకు ఎప్పుడూ రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలవడానికి వెళ్లి, ఇల్లొకటుందన్న సంగతి మరిచిపోయారు.

మర్నాడు ఆయన ఒంటరిగా బయల్దేరి, మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లారు. అత్తగారికి సేవ చేసే ఆవిడ తలుపు తీసి, ఆయన్ని చూసి ముందు బెదిరింది. తర్వాత కొంగు సర్దుకుని, "ఏం సార్, మా గడప తొక్కడానికి మీకు మాత్రం టైమంటూ ఏం లేదా?" అంది. ఆయన చేతులు జోడించారు. "తప్పైపోయిందమ్మా. నీకు వీలైనప్పుడే రా. గేటు దగ్గర నేనుండను" అన్నారు. ఆవిడ ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఒకరు తప్ప మిగతావాళ్లూ వచ్చారు. ఆ ఒక్కరు వేరేచోట చేరిపోయారు, ఆమెను మళ్లీ అడగడం బాగుండదని టీచరే వద్దంది.

ఇక మిగిలింది ఆయన సంగతి. లీవు ఇంకా ఉంది, చేతులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఒకరోజు ఓ మెషిన్ దారం మాటిమాటికీ తెంపుతుంటే, బజారులో రిపేరు కొట్టు నడిపే అమ్మాయి వచ్చింది. ఆయన కూతురి కంటే చిన్నది. మెషిన్‌ను పక్కకు పడుకోబెట్టి, కింద మరలన్నీ విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించి, కాసేపట్లో కొత్తదానిలా నడిపించింది. ఆయన రెప్ప వేయకుండా చూశారు.

"అమ్మాయ్, నాకూ నేర్పుతావా?"

"మీకెందుకు బాబాయిగారూ, నూనె మరకలు?"

"నాకు చేతకాని పని చేసి చాలా ఏళ్లైంది తల్లీ."

ఆ మాట ఆమెకు అర్థమైందో లేదో గానీ, కొట్టుకు రమ్మంది. తీరా వెళ్తే మొదటిరోజు స్క్రూలు విడదీయించింది. రెండోరోజూ అదే. మూడోరోజు ఆయన తొందరపడి కింది దారం ఉండే బాబిన్ గూడు విప్పితే, లోపలి స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. అంతమంది డ్రైవర్లను గడగడలాడించిన మనిషి మోకాళ్ల మీద పాకుతూ బల్ల కింద వెతుకుతుంటే, ఆ అమ్మాయి, "ముందు చూడండి, తర్వాత ముట్టుకోండి. ఎన్నిసార్లు చెప్పాలి?" అని గదిమింది. ఆయనకు కోపం రాలేదు. పైగా భలే సరదా వేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ తిట్టు భార్యకు రెండుసార్లు చెప్పుకున్నారు.

లీవు అయ్యాక డ్యూటీలో చేరి, సెలవు దొరికిన ప్రతిసారీ ఆ కొట్టుకు వెళ్లేవారు. హాజరు బాబాయిని కూడా వెంట తీసుకెళ్లారు. పెద్దాయన రెండు పూటలు కూర్చుని, "నాకీ నూనె వాసన పడదురా" అని తన బెంచీకి తిరిగి వెళ్లిపోయాడు. అందరికీ అన్నీ కుదరవు. ఇప్పుడు మాత్రం విజిల్ సార్ రోజూ టీ వేళకు ఆ బెంచీ దగ్గరికి వెళ్లి కూర్చుంటారు, ఆ పాత కబుర్లే మళ్లీ వింటారు. ఎవరైనా హాజరు బాబాయి అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది.

ఏటేటా రిటైరయ్యేవాళ్లను కూర్చోబెట్టి డిపోలో ఒక క్లాసు చెప్తారు. ఆ ఏడు విజిల్ సార్ భార్యను వెంటబెట్టుకుని వెళ్లారు. గుమ్మంలో గుమాస్తా అడ్డంగా నిలబడి, "సార్, ఇది ఉద్యోగులకు మాత్రమే" అన్నాడు. లోపలున్న మేనేజరు విని, "రానివ్వవయ్యా, మన సొమ్మేం పోయింది" అన్నారు. టీచరు వెనక వరసలో కూర్చుంది. ఆ గదిలో ఆమె ఒక్కతే బయటి మనిషి.

గుమాస్తా చాలాసేపు కాగితాల గురించి చెప్పాడు. మంచి విషయాలే, అవసరమైనవే. అందరూ రాసుకున్నారు. చివర్లో మేనేజరు, "సీనియర్‌గా మీరో నాలుగు మాటలు చెప్పండి" అని విజిల్ సార్‌ని లేపారు.

"ఈయన చెప్పినవన్నీ నేను ఎప్పుడో చేసేశాను. అయినా ఒక నెల ఇంట్లో కూర్చునేసరికి చుక్కలు కనిపించాయి" అని మొదలుపెట్టి, ఉప్పుడబ్బా దగ్గర్నుంచి బస్టాపు దాకా ఏదీ దాచకుండా చెప్పారు. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కొందరు ఆలోచనలో పడ్డారు. "లీవు దాచుకుని దాచుకుని చివరికి మురగబెట్టకండి. ఉద్యోగం ఉండగానే ఒక నెల ఇంట్లో ఉండి చూడండి. తప్పులు చేస్తే దిద్దుకోవడానికి టైముంటుంది. దిగిపోయాక దిద్దుకోవడం కష్టం" అన్నారు.

ముందు వరసలోంచి ఒక మెకానిక్ లేచాడు. "బాగుంది సార్. మరి ఆ నెలలో ఏం చూసుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

"అది నాకంటే ఆవిడకి బాగా తెలుసు" అని విజిల్ సార్ వెనక వరసకు చెయ్యి చూపించారు.

అందరూ తిరిగి చూశారు. టీచరుకు ఆడవాళ్ల ముందు మాట్లాడటం అలవాటే గానీ, ఇంతమంది ఖాకీ చొక్కాల ముందు కొత్త. లేచి నిలబడి, ఒక్క క్షణం తడబడి, తర్వాత క్లాసులో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ముందు ఇంటికెళ్లి మీ ఇంట్లోవాళ్లని అడగండి బాబూ. ఉద్యోగంలోంచి దిగేది మీరొక్కరే, కానీ ఆ మర్నాటి నుంచి బతుకు మారేది ఇంట్లో అందరికీ. మరి తయారీ మీరొక్కరే చేసుకుంటే ఎలా సరిపోతుంది?"